ఫైనల్‌లో లేనివాడు

“ఫైనల్ రోజు నన్నెందుకు తీసేసినాడో చెప్పన్నా. రేపు సభలో ఆ మేనేజరు తలెత్తుకోకూడదు.”

సౌదీలోని రాస్ తనూరా క్యాంపు క్రికెట్ టీమును ఏళ్లుగా నడిపిన మేనేజర్ బాబ్జాన్ మీద వీడ్కోలు వీడియో తీస్తున్న జావీద్, పాత కీపర్ నర్సింలు ముందు ఫోను పట్టాడు. “బ్యాటు పట్టను రాదు, గ్రౌండు పక్కకే రావద్దు అన్నాడు, అందరి ముందర.”

“నీ ఇఖామా డేటు అయిపోయుండె గద, ఈ దేశంల ఉండనీకె పర్మిటే లేకుండె. ఆ రోజు గ్రౌండుకు పోలీసుల చెకింగు వస్తదని ఆయనకు తెల్సింది.”

“ఆ మాటే చెప్పొచ్చు కదా.”

“చెప్తే, ఆడకున్నా చూడనీకన్న వస్తుంటివి. తిడితే అలిగి రూములనే పండుకుంటవని తిట్టిండు.”

జావీద్ ఫోను దించాడు. “ఇన్నేండ్లలో ఒక్కసారన్నా చెప్పలేదే.”

“ఆయనతోని నువ్వు మాట్లాడితివా?”