ఒక్కడే పేషెంటు

అతని కత్తి కింద మెడ పెట్టడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

నిరుడు ఇదే సెలూన్‌లో బెంచీ మీద చోటు దొరికేది కాదు. గడ్డానికని వచ్చినవాళ్లు కబుర్లలో పడి, వంతు వచ్చినా లేచేవాళ్లు కాదు. ఇప్పుడు తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తాడు, కడిగిన దువ్వెనలే మళ్లీ కడుగుతాడు, తర్వాత ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. ఇదంతా ఆ వ్యాను మెట్లెక్కిన రోజు నుంచే.

ఆ వ్యాను నెలకోసారి పట్నం నుంచి వస్తుంది. మనసు బాగాలేనివాళ్లను చూసి మందులిస్తారు. ఆ చోటు ఏ మహానుభావుడు వెతికాడో గానీ, సరిగ్గా సంత మధ్యలో, ఊరంతా చూసేలా ఆగుతుంది. దాని మెట్లెక్కింది ఇతనొక్కడే. సాయంత్రానికల్లా ఊరు చెవులు కొరుక్కుంది.

"నీ చేతి మీద నాకు నమ్మకమే బావా," అన్నాడు పక్క కొట్టు సైకిల్ మెకానిక్, పక్క ఊళ్లో గీయించుకొచ్చిన గడ్డం తడుముకుంటూ. "మీ చెల్లెలే ఒప్పుకోవట్లేదు."

అతను కడిగిన దువ్వెననే మళ్లీ అందుకున్నాడు. ఏమన్నా ముదిరిందంటారు.

పోనీ ఇంటికి పోదామన్నా వీల్లేదు. పనులకు వెళ్లే తల్లులు పసిపిల్లల్ని అతని భార్య దగ్గర దించి వెళ్తారు. ఇప్పుడా ఇల్లు గడిచేది దాని మీదే. వాళ్లు ముందే చెప్పేశారు.

"వదినా, నిన్ను చూసి వదులుతున్నాం. అన్నయ్యని మాత్రం పగలు ఇంట్లో ఉండనివ్వకు."

ఆమె తల వంచుకుని సరేనంది. అలాంటి మొగుడితో కాపురం చేస్తున్నందుకు ఊరు ఆమె ఓపికను మెచ్చుకుంది. 'ఆ మహాతల్లి కాబట్టి వేగుతోంది' అన్న మాట అతని చెవినా పడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఈ నెల వ్యాను వచ్చేసరికి మెట్ల దగ్గర ఎవరూ లేరు. దూరంగా నిలబడి చూసేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

"నిద్ర పడుతోందా?" అంది డాక్టరమ్మ.

"పడుతోందండి."

"ఆ గొంతులు ఇంకా వినిపిస్తున్నాయా?"

"తగ్గాయండి. వంటింట్లో ఒక్కోసారి."

"ఏమంటున్నాయి?"

అతను తడబడ్డాడు. "అడిగి చెప్తానండి."

డాక్టరమ్మ జాలిగా చూసి మందు మోతాదు పెంచింది. పొట్లం చేతికిస్తూ గొంతు తగ్గించింది.

"ఇక వ్యాను ఈ ఊరికి రాదండి. ఒక్క పేషెంటు కోసం పంపడం కుదరదంటున్నారు. మీ ఎరుకలో ఇంకొక్కరున్నా చెప్పండి, నేను పైవాళ్లతో మాట్లాడతాను. ఎవరూ లేరా?"

అతను నోరు తెరిచాడు. కిటికీలోంచి సంతలోని ముఖాలు కనిపించాయి. వాళ్లలో చంకన పిల్లల్నెత్తుకున్న తల్లులూ ఉన్నారు.

"లేరండి," అన్నాడు.

"అయితే మీరే పట్నం రావాలి. మధ్యలో మందు ఆపారంటే మళ్లీ మొదటికొస్తుంది."

ఆ మొదలు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. పట్నం వెళ్లే దారి ఖర్చులు కూడా సెలూన్‌లో పుట్టడం లేదని ఆమెకు తెలియదు. తలూపి మెట్లు దిగాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు.

ఆఖరి పసిబిడ్డను తల్లి వచ్చి ఎత్తుకెళ్లేదాకా వీధి మలుపులో నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లాడు.

తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, పొట్లం విప్పి, అందులోంచి ఒక మాత్ర తీసి భార్య నోటికి అందించాడు.