మార్లిస్ జాడీ

"వదినా, ఎవరైనా గర్భస్రావం మాట ఎత్తితే నవ్వి ఊరుకో. రోడ్ల గురించి చెప్పు, మొక్కజొన్న ధర గురించి చెప్పు. ఆ ఒక్కటీ మాత్రం వద్దు," అన్నాడు డారెల్.

"పట్టుబట్టి అడిగితే?"

"ఇంకాస్త గట్టిగా నవ్వు!"

మార్లిస్ పొయ్యి మీద పంది మాంసం ముక్కలు తిరగేస్తూ ఉండిపోయింది. నిన్నటిదాకా బడి బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు అమెరికాలోని అయోవా రాష్ట్ర శాసనసభకు పోటీ. జిల్లా సంతలో అభ్యర్థులు ఏప్రన్ కట్టుకుని జనానికి మాంసం కాల్చి పెట్టడం అక్కడి ఆనవాయితీ.

ఎదురుగా బల్ల మీద రెండు గాజు జాడీలు. ఒకదాని మీద ఆమె పేరు, ఇంకోదాని మీద ప్రత్యర్థి రాయిస్ హాగెన్ పేరు. సంతకొచ్చిన ప్రతివాళ్లకీ ఒక మొక్కజొన్న గింజ ఇస్తారు. నచ్చిన జాడీలో వేయాలి. ఆగస్టులో ఏ జాడీ నిండితే నవంబరులో వాళ్లదే గెలుపని ఊరందరి నమ్మకం. అభ్యర్థి ఇంటివాళ్లకు మాత్రం సరదాకి ఎర్ర రంగు వేసిన గింజ, ఇంటికి ఒకటి. అంటే మొత్తం రెండే. ఒకటి మరిది డారెల్‌ది. పొద్దున్నే నలుగురూ చూసేలా ఠంగుమని వదిన జాడీలో వేశాడు. రెండోది రాయిస్ భార్య కొరీన్‌ది. "తొందరేముంది, సాయంత్రం వేస్తాలే," అని పర్సులో దాచుకుంది.

మధ్యాహ్నానికి రెండు జాడీలూ పోటాపోటీగా ఉన్నాయి. అప్పుడు తగులుకున్నాడు, పశువుల వేలం వేసే వెర్లిన్, మైకు పట్టుకుని.

"మార్లిస్! ముక్కలు బాగానే తిప్పుతున్నావు, మాట మాత్రం తిప్పకు. గర్భస్రావం మీద నిషేధం ఉండాలా, పోవాలా?"

మార్లిస్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. డారెల్ వెనక నుంచి గిల్లాడు.

"పోవాలి," అంది. "ఆ నిర్ణయం ఆ ఆడమనిషిదీ, ఆమె డాక్టరుదీ. మధ్యలో దూరడానికి నేనెవర్ని? రాయిస్ ఎవరు?"

డారెల్ చేతిలో పట్టకారు జారి కిందపడింది.

ఆ తర్వాత టోపీల మగాళ్లంతా వరస కట్టారు. టక్, టక్, టక్. అన్నీ రాయిస్ జాడీలోకే. పెళ్లాలు పక్కనే గుప్పిళ్లు బిగించి నిలబడ్డారు.

రాయిస్ కూడా వచ్చాడు. "నీ మాట నాకు గిట్టదు కానీ, నీ ధైర్యానికీ వంటకీ వంక పెట్టలేను," అంటూ రెండు ముక్కలు వేయించుకుని మరీ వెళ్లాడు.

ఇక ఆడవాళ్లు మొదలెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మార్లిస్‌ని కావలించుకోవడం!

"మసాలా ఏం కలిపావమ్మా?" అని ఒకామె.

"మా ఆయన చూస్తున్నాడు, వస్తానే," అని ఇంకొకామె.

"ఇదేంట్రా, చావింటికి పరామర్శకు వచ్చినట్టు?" అంది మార్లిస్, ఊపిరి తీసుకుంటూ.

"ఇంకా నయం, పూలదండలు తేలేదు," అన్నాడు డారెల్.

సాయంత్రానికి రాయిస్ జాడీ మూతిదాకా నిండింది. మార్లిస్ జాడీ మధ్యాహ్నం ఎంతుందో అంతే. వెర్లిన్ మైకులో రాయిస్‌కి చప్పట్లు కొట్టించాడు. అందరికంటే చివర కొరీన్ వచ్చి మార్లిస్‌ని గట్టిగా హత్తుకుంది. "మనసు చిన్నబుచ్చుకోకు," అని గబగబా మొగుడి వెనక వెళ్లిపోయింది.

మార్లిస్, డారెల్ కాళ్లీడ్చుకుంటూ తమ ట్రక్కు దగ్గరికి వచ్చారు.

"చెప్తే విన్నావా? ఇంక రేపటి నుంచి బస్సు తోలుకోవడమే," అన్నాడు డారెల్. "తాళాలివ్వు."

మార్లిస్ ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయింది. తాళాలు అందలేదు. జేబు రెండు చేతులా పట్టుకుని ట్రక్కు ముందు రేకు మీద బోర్లించింది.

జలజలా గింజలు! పసుపుపచ్చని మొక్కజొన్న గింజలు, దోసెళ్లకు దోసెళ్లు. మార్లిస్ పకపకా నవ్వింది. డారెల్ కూడా నవ్వుతూ, దొర్లిపోతున్నవాటిని టోపీలోకి ఎత్తుతూ, ఒక్కసారిగా చెయ్యి ఆపేశాడు. పచ్చగింజల మధ్య నుంచి ఎర్రటిదొకటి తీసి వెలుతురుకి పట్టి చూశాడు.

"వదినా, నాది పొద్దున్నే జాడీలో వేసేశాను కదా!"