సరిగ్గా అతికిన బంపర్

తోక్మోక్ ఊళ్లో నా అంత గుండె దిటవున్న ఉస్తా, అంటే మెకానిక్, లేడు. చీకటన్నా, చావన్నా నాకు నవ్వులాటే.

ఆ రాత్రి ముసలి ఎర్మెక్, చనిపోయిన తన కొడుకు కారు నా షెడ్డుకు తెచ్చాడు. కుర్రాడు ముచ్చటపడి కొనుక్కున్న ఫైబర్ బంపర్ వెనక సీట్లో ఉంది. తెల్లారితే కుర్రాడు పోయిన నలభయ్యో రోజు, వాడి పేరున పెట్టే విందు.

"బిగించు ఉస్తా. వాడు బతికుండగా బిగించనివ్వలేదు. డొక్కు కారుకి సోకులెందుకురా అని తిట్టాను."

"ఇప్పుడొచ్చిందా బుద్ధి, ముసలోడా?"

"వచ్చింది. చూడ్డానికి వాడే లేడు."

చౌక ఫైబర్ బంపర్ ఏదీ నేరుగా అతకదు. అరగదీయాలి, కొత్త కన్నాలు వేయాలి. కుర్రాడు దొంగచాటుగా తెచ్చినప్పుడు ఇదే బంపర్ ఆనించి చూశాను. రెండు వేళ్ల ఎడం వచ్చింది.

ఇప్పుడూ ఊరికే ఆనించాను. టక్కున కూర్చుంది. కన్నానికి కన్నం కలిసింది.

బానెట్ కింద నుంచి ఎవరో మెల్లగా రెండుసార్లు తట్టారు.

ఎర్మెక్ బంపర్ నిమురుతూ, "నన్ను క్షమించాడంటావా ఉస్తా?" అన్నాడు.

చెప్పడానికి నేనక్కడుంటేగా! చెప్పులొదిలేసి రోడ్డెక్కాను.

ఆ తట్టిన చప్పుడు నేను కల్పించిందేలే. బంపర్ అతకడం మాత్రం కాదు.