మీకొక్కరికే

కొట్టు తెరిచే ముందు హర్షిత రోజూలాగే తండ్రి విజయ్‌కుమార్ ఫోనులో పాత ఆఫర్ల మెయిళ్లు ఏరి తీసేస్తోంది. కొత్తవి వాటంతటవే స్పామ్‌లోకి పోయేలా నిన్ననే ఒక నియమం పెట్టింది. ఒకే ఉత్తరం పదిమందికి మించి వెళ్తే అది చెత్తకిందే లెక్క.

ఎదురుగా మేనమామ భీమశంకరరావు కాఫీ తాగుతూ తొందరపెడుతున్నాడు.

"బావా, ఈ చీపురుపల్లి సంబంధం మీకొక్కరికే సెప్తన్నాను. ఇయాలే మాటిచ్చీయండి."

"మరి ఎచ్చెర్ల యూనివర్సిటీలో దీని ఎమ్మెస్సీ? ఇంకో ఏడాదున్నాది కదా," అన్నాడు విజయ్‌కుమార్.

"సదువుకేటి బావా, ఎప్పుడైనా వస్తాది. ఇలాటి కుర్రోడు మళ్లీ దొరుకుతాడేటి? రాత్రే వివరాలన్నీ మెయిల్ పెట్టినాను, సూళ్లేదా?"

విజయ్‌కుమార్ మెత్తబడి కూతురి వైపు చెయ్యి చాపాడు.

ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌లో లేదు. హర్షిత స్పామ్ తెరిచి ఫోను తండ్రి చేతిలో పెట్టింది. ఎవరెవరికి పంపాడో పైన వరసగా ఉంది.

విజయ్‌కుమార్ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"బొబ్బిలి మా పెదనాన్న. రాజాం బియ్యం కొట్టాయన. నలభై మందున్నారేటి శంకరం?"

"అది... పొరపాటున..."

"ఒరే, ఇందులో పెళ్లికొడుకు తండ్రి పేరూ ఉంది! ఆ కుర్రోడి సంబంధం వాళ్ల బాబుకే పంపినావేట్రా?"

భీమశంకరరావు సగం తాగిన కాఫీ కింద పెట్టాడు. సంచీ చంకలో ఇరికించుకుని గడప దాటాడు.