చెయ్యి పట్టేంత సందు

"రేపే తయారీకి పంపిస్తున్నాం మామయ్యా, ఎలా ఉంది?"

కోడలు ఒక్కో భాగం గీసి, కూర్చి, రంగులద్దిన నీళ్ల పంపు కంప్యూటర్ తెర మీద పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

నలభై ఏళ్లు పంపులు బిగించిన మామగారు కళ్లజోడు సవరించుకున్నారు. "చూడముచ్చటగా ఉంది. లోపలున్న ఈ బోల్టు ఎలా బిగించాలి?"

"మౌసుతో లాగి వదిలాను, వెళ్లి కూర్చుంది."

"మౌసు సరేనమ్మా. నా చెయ్యి ఎటునుంచి వెళ్తుంది?"

కోడలు బొమ్మను అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెయ్యి కాదు కదా, చిటికెనవేలు దూరే సందు లేదు. ముఖం మాడిపోయింది. టేపు తెచ్చి, ఆయన పిడికిలి కొలిచింది.

గంటలో పంపుకు పెద్ద మూత వచ్చింది. ఆ మూత తెరిచి, బోల్టు దాకా దూరిన ఒక చెయ్యి తెర మీద నిగనిగలాడింది.

మామగారు వంగి, పరీక్షగా చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అంతా బాగుంది గానీ, గోళ్లలో గ్రీజేదమ్మా?"