పాత ఫ్రిజ్‌లో గ్యాసు

ఎండగొడుగు లేకుండా ఎవరూ గడప దాటని రోజులవి. పాత ఫ్రిజ్‌లలోని గ్యాసు పైకెక్కి ఎండని ఆపే ఆకాశపు పొరని తినేస్తోందని, ఆ గ్యాసుని పట్టుకుపోవడానికి ఇంటింటికీ బండి తిరుగుతోంది. ఆ వేళ తెనాలిలో తమ వీధి వంతని తెలిసి, నిహారికమ్మ పొద్దున్నే ఫ్రిజ్ ముందు కూర్చుంది. వాళ్లమ్మ కాపురానికి తెచ్చుకున్న ఫ్రిజ్ అది. ఐసు పేరుకుపోయినదాన్ని అలాగే పరాయివాళ్లకి చూపిస్తే ఏమనుకుంటారు? అట్లకాడతో గీకుతుంటే లోపలి గొట్టానికి చిల్లుపడి బుస్సుమంది.

ఆవిడ గబగబా కిటికీలన్నీ మూసేసింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది.

బండి నడిపే ప్రణీత్ వస్తే లోపలికి రానిచ్చి, తలుపు మూసి మళ్లీ చీర కుక్కింది. అతను ఫ్రిజ్‌కి మీటరు తగిలించాడు. ముల్లు కదల్లేదు, లోపల గ్యాసు మిగల్లేదు. చెమటలు కక్కుతున్న ఆవిణ్ణి, కిందనున్న చీరని చూశాడు.

“గ్యాసుని గదిలో ఎన్నాళ్లని పట్టి ఉంచుతారు పిన్నిగారూ? తలుపులు తీయండి, ఊపిరాడక పడిపోతారు.”

“మనవరాలు బడి నుంచి వచ్చే వేళయింది బాబూ. ఎండ ఇవాళే ముదిరిపోతుందా?”

“అబ్బే, ఈ గ్యాసు ఆ పొరదాకా చేరడానికి చాలా ఏళ్లు పడుతుందండీ. పాపకి పెళ్లీడు వచ్చేసరికి.”

ఆవిడ చీర లాగేసి తలుపు బార్లా తీసింది.

మనవరాలు వచ్చేసరికి నానమ్మ తన పెద్ద గొడుగు ఒళ్లో పరుచుకుని, దానికి రెండో పొర కుడుతోంది.

“నీ గొడుగు బాగానే ఉందిగా నానమ్మా?”

“ఇది నాకు కాదే,” అంది ఆవిడ దారం కొరుకుతూ.