గిడ్డయ్యకు సంరక్షకురాలు

మొదటి దెబ్బకే హనుమంతమ్మ పెదవి చిట్లింది. రెండో దెబ్బకు తల వెళ్లి ద్వారబంధానికి కొట్టుకుంది. అయినా ఆమె వాకిలికి అడ్డం తొలగలేదు.

"జరుగే పక్కకు!" అన్నాడు మొగుడు గిడ్డయ్య. అతని చేతిలో కొడవలి ఉంది.

"జరగను. నా తమ్ముడు ఓబన్నకు ఒక చేయి తీసేస్తివి. ఇంగా ఏం నరకల్లని పోతాండావు?"

"ఈసారి మెడ. పొలం గట్టు తగాదా ఇంతటితో తీరిపోతాది."

"మళ్లీ జైలుకు పోతావు!"

గిడ్డయ్య పగలబడి నవ్వాడు. "జైలా? నెల దినాలు మన్ను తిన్యాను. జవాను చెవి కొరికినాను. జడ్జి నా పేరడిగితే కొక్కొరోకో అని కూసినాను. ఇదంతా దేనికనుకున్యావే? డాక్టరే నమ్మినాడు! పిచ్చోడని రాసిచ్చినారు. పిచ్చోడు ఎవర్ని సంపినా ఉరి ల్యా."

అది నిజమే. ఆదోని బస్సులో ఇద్దరూ కోర్టు నుంచి వచ్చి ఇంకా గంట కాలేదు. కోర్టువారు అతన్ని వదిలేస్తూ ఒక కాగితం రాసి హనుమంతమ్మ చేతికిచ్చారు. ఆమె దాన్ని మడిచి రవికలో దోపుకుంది. కేసు కొట్టేశారని ఊరికి తెలుసుగానీ, ఎందుకు కొట్టేశారో ఇంకా తెలియదు.

గిడ్డయ్య ఆమె జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు. డొక్కలో తన్నాడు. ఆమె అతని కాళ్లు వాటేసుకుంది. తమ్ముడి ఇల్లు ఆ వీధి చివరే ఉంది. ఉన్న ఒక్క చేత్తో వాడు ఏం అడ్డుపెట్టుకుంటాడు? ఆ తలంపుకే ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. గిడ్డయ్య కొడవలి పిడితో ఆమె వేళ్ల మీద కొట్టాడు. అయినా ఆమె అతని కాళ్లు వదల్లేదు.

"సంపుతాండాడు! ఎవరన్నా రాండప్పో!"

మధ్యాహ్నం వేళ, అందరూ అక్కడే ఉన్నారు. ఎదురింటి ముందు ఎద్దు డెక్కలకు ఇనుప నాలు కొడుతున్న ఉస్మాన్ సాబ్ ఒకసారి తలెత్తి, మళ్లీ డెక్క వైపు వంగాడు. పక్కింటి రంగమ్మ తలుపు దగ్గరగా వేసుకుంది. అరుగు మీద కూర్చున్న మునసబు భీమప్ప మాత్రం పెద్దమనిషి కాబట్టి ఒక మాట అన్నాడు.

"సిన్నగా కొట్టప్పా గిడ్డయ్యా. సచ్చిపోయేట్లుంది."

మొగుడూ పెళ్లాల మధ్యకు పరాయివాళ్లు పోకూడదని ఆ ఊరికి బాగా తెలుసు. అంత మర్యాద కలిగిన ఊరు!

గిడ్డయ్య కాళ్లు విదిలించుకుని వీధి చివరకు నడిచాడు. హనుమంతమ్మ లేవలేకపోయింది. మోకాళ్ల మీద పాకి అరుగు దగ్గరకు వెళ్లి, రవికలోని కాగితం తీసింది. దానికి నెత్తురు అంటింది.

"మునసబప్పా, ఇది సదువు! గట్టిగా సదువు!"

భీమప్ప అద్దాలు సర్దుకుని అందుకున్నాడు. "గిడ్డయ్య అను ఇతనికి మతి స్థిమితం లేనందున, ఇతని భార్య హనుమంతమ్మను సంరక్షకురాలిగా నియమించడమైనది. ఇతరులకు హాని చేయకుండా ఆమె ఇతన్ని కట్టడి చేయవలెను. గ్రామాధికారులు తోడ్పడవలెను..." అక్కడికి చదివి అరుగు మీదనుంచి దూకాడు. "ఓరి నాయనా, పిచ్చోడంటప్పా! పట్టుకోండి!"

వీధి వీధంతా లేచింది. ఉస్మాన్ సాబ్ ఎద్దును వదిలేసి, దాన్ని పడేసేందుకు కాళ్లకు కట్టే తాడుతో పరుగెత్తాడు. ఆ తాడు గిడ్డయ్య కాళ్లకు చుట్టుకుంది. ఒక్క గుంజు గుంజితే అతను దబ్బున బోర్లా పడ్డాడు. తలారి అతని వీపు మీద కూర్చున్నాడు. ఎవరో మణికట్టు మీద రాయితో కొట్టి కొడవలి లాక్కున్నారు. కరవబోయిన నోటి మీద ఇంకెవరో గుద్దితే రెండు పళ్లు మట్టిలో పడ్డాయి.

"నాకు పిచ్చి ల్యాదురో! యాసం ఏసినాను!"

"పిచ్చోళ్లంతా ఇట్లే అంటారు," అన్నాడు ఉస్మాన్ సాబ్ ముడి బిగిస్తూ.

"మునసబప్పా, నా పెండ్లాన్ని నేను కొట్టుకుంటి, అంతే గదా! మీరు ఎన్నితూర్లు సూళ్లేదు?"

భీమప్ప వంగి అతని ముఖంలోకి చూశాడు. "అట్లయితే ఓబన్న చేయి బుద్ధి తెలిసే నరికినావా? సెప్పు. ఇప్పుడే రాసి మళ్లీ కోర్టుకు పంపుతాను."

చుట్టూ అందరూ కాచుకున్నారు. గిడ్డయ్య నెత్తురు కారే నోటితో, చిన్నగా కూశాడు.

"కొక్కొరోకో."

"పాపం, బాగా ముదిరింది," అంది ఒక ముసలమ్మ.

"యాడ కట్టేయల్లమ్మా?" భీమప్ప హనుమంతమ్మను అడిగాడు. ఆ ఊళ్లో ఆమెను ఒక మాట అడగడం అదే మొదలు. "కాగితంలో నీ పేరుంది. నువ్వే సెప్పల్ల."

"కొట్టంలో. ఎద్దును కట్టే గుంజకు."

నలుగురూ గిడ్డయ్యను ఈడ్చుకుపోయారు. రంగమ్మ నీళ్ల చెంబుతో వచ్చి హనుమంతమ్మ నెత్తురు కడిగింది. కడుగుతూ కడుగుతూ ఆమెకే దుఃఖం ఆగలేదు.

"పన్నెండేండ్లు ఇట్లే పిలుస్తాంటివి గదే. ఒక్కనాడన్నా మాలో ఎవరమూ కదిల్యామా? ఈ పొద్దు మాత్రం ఊరంతా ఎట్ల ఉరికిరో సూడు!"

హనుమంతమ్మ నోట్లోని నెత్తురు పక్కకు ఉమ్మింది.

"అప్పుడు ఆయప్పకు బుద్ధి బాగుండె గదక్కా."